మేస్త్రీ బిగించిన బ్యాటరీ

పెట్టెల మేస్త్రీ బిగించింది ఊడిందంటే ఆ పూట సూర్యుడు సెలవు పెట్టినట్టేనని ఆ వీధిలో చెప్పుకునేవారు. ఒకసారి ఎవరి సూట్‌కేసుకో కొత్త పిడి వేశాడట. ఆ పెట్టె నాదంటే నాదని ఇద్దరు అన్నదమ్ములు రైలు తలుపు దగ్గర పట్టుకుని లాక్కుంటే, ఇద్దరి చొక్కాల చేతులూ ఊడి వచ్చాయి కానీ పిడి ఊడలేదట. ఈ కథ మేస్త్రీ తనంతట తాను చెప్పుకోడు. ఎవరైనా చెబుతుంటే మాత్రం చేతిలో పని ఆపి, ఎప్పుడూ విననట్టు, చివరిదాకా వింటాడు.

దుకాణం ఒక మంచం వేస్తే నిండిపోయేంత. గోడల నిండా మేకులకు వేలాడే చక్రాలు, జిప్పులు, పిడులు. నేల నుంచి కప్పు దాకా పెట్టెల మీద పెట్టెలు. వచ్చినవాళ్ళకు కావలసింది ఎప్పుడూ అన్నిటికంటే అడుగున ఉండేదే. జిగురు వాసనకు ఆయన ముక్కు ఎంత అలవాటు పడిందంటే, ఇంటికెళ్ళి మంచి గాలి పీలిస్తే తుమ్ములొస్తాయని భార్య అనేది.

ఆ ఇంట్లో ఆయన అక్క కూతురు కూడా ఉండేది. కట్టుడు పళ్ళు చేయడం ఆ పిల్ల పని. ఒక దంతవైద్యుడి వెనక గదిలో, కిటికీ లేని చోట, మైనం కరిగిస్తూ అచ్చులు పోస్తూ ఆరేళ్ళుగా కూర్చుంది. ఊళ్ళో పెద్దవాళ్ళలో సగం మంది ఆ పిల్ల చేసిన పళ్ళతోనే నవ్వుతున్నారు. పేరు మాత్రం డాక్టరుగారిది. ఎంత చెప్పినా ఆయన దీపం మార్చడు, గది మార్చడు. ఆ చీకట్లో చూసి చూసి కళ్ళు పోతున్నాయని ఆమె భయం.

అలాంటిది, దూరాన ఉన్న ఒక పెద్ద పళ్ళ ల్యాబ్ నుంచి పిలుపు వచ్చింది. తన చేత్తో చేసిన మూడు సెట్లు, వాటి అచ్చులు, తన పనిముట్లు పట్టుకుని రావాలి. వాళ్ళ ఎదురుగా కూర్చుని ఒక పన్ను చెక్కి చూపించాలి. అందరినీ ఒక్కరోజే చూస్తారు. ముందురోజు మధ్యాహ్నం విమానం ఎక్కితేనే వేళకు చేరేది. అది తప్పితే మళ్ళీ అదే చీకటి గది.

పనిముట్లన్నీ మొనలూ పదునులూ కాబట్టి వాటిని చేతి సంచిలో విమానమెక్కనివ్వరు. అందుకని స్నేహితురాలి దగ్గర ఒక స్మార్ట్ పెట్టె అడిగి తెచ్చుకుంది. అది మామూలు పెట్టె కాదు. వేలు ఆనిస్తే తెరుచుకుంటుంది. పక్కనున్న చిన్న కన్నంలో తీగ గుచ్చితే ఫోను ఛార్జ్ అవుతుంది. ఎక్కడ తిరుగుతోందో ఇంట్లో ఉన్నవాళ్ళ ఫోనులో చుక్కగా కనిపిస్తుంది. పిడి పట్టి పైకెత్తితే తన బరువెంతో తానే చెబుతుంది.

“మన చుట్టాల్లో ఇంత నిజాయితీ ఎవరికుందండీ?” అంది మేస్త్రీ భార్య. అప్పటికప్పుడు ఆ చుక్కను తన ఫోనులో పెట్టించుకుంది.

మేస్త్రీ పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల ఏదో కటకటలాడింది. తెరిచి చూస్తే పై మూలలో, చిన్న అరలో, అరచేయంత బ్యాటరీ. దాని పక్కన ఒక మీట ఉంది. మీట నొక్కగానే బ్యాటరీ చేతిలోకి వచ్చేసింది.

“నొక్కితే ఊడొచ్చేదీ ఒక బిగింపేనా!” అని మేస్త్రీ నొచ్చుకున్నాడు. మేనకోడలు పనిలోకి వెళ్ళి వచ్చేలోగా దాని మీద రేకు వేశాడు. ఎనిమిది రివిట్లు కొట్టాడు. సందుల్లో జిగురు నింపాడు. దాని మీద రాసి ఉన్న అక్షరాలు కనిపించకుండా తోలు కూడా అంటించాడు. సాయంత్రం ఆ పిల్ల చేతికిచ్చి, “ఇప్పుడు ఊపు, ఎంత ఊపుతావో” అన్నాడు. ఆమె ఊపింది. చడీ చప్పుడూ లేదు. మామయ్య ముఖంలో ఆ వెలుగు చూసి, ఇంకేమీ అడగలేదు.

ప్రయాణం రోజు పొద్దున ఆమె టాక్సీలో బయలుదేరింది. మేస్త్రీ దుకాణం తెరిచాడో లేదో, కళ్ళజోళ్ళ ఫ్రేములు అమ్ముతూ ఊళ్ళు తిరిగే పాత ఖాతాదారు ఒకాయన వచ్చాడు. ఆయన చేతిలోనూ అలాంటి పెట్టే.

“మేస్త్రీ, ఈ మీట గట్టిపడిపోయింది. బ్యాటరీ సులువుగా ఊడేలా చెయ్యి. నిన్న విమానం దగ్గర పరువు పోయింది.”

“ఊడేలానా? జనం ఊడకుండా చెయ్యమని వస్తారు. తమరేంటి ఉల్టా?”

“అయ్యో, నీకు తెలీదా? పెట్టెను విమానంవాళ్ళకు అప్పజెప్పాలంటే బ్యాటరీ తీసి మన చేతిలో పెట్టుకోవాలి. ఊడి రాకపోతే పెట్టెను అసలు ఎక్కించుకోరు. కిందా కాదు, పైనా కాదు. కింద సామాన్ల గదిలో అది అంటుకుంటే చూసేవాడెవడుంటాడు? పైన మన దగ్గరుంటే పొగ వచ్చినా ఎవరో ఒకరు చూస్తారు. ఇంకోమాట, జాగ్రత్తగా చెయ్యి. మొన ఏదైనా గుచ్చుకుందా, భగ్గుమంటుంది.”

మేస్త్రీకి తాను కొట్టిన రివిట్లు ఒక్కొక్కటే కళ్ళముందు టకటకమంటూ కదిలాయి.

మేనకోడలికి ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. అదే. ఆ పిల్ల ఫోను పెట్టె జేబులో, ఆ కన్నానికే తగిలించి, ఛార్జింగులో పెట్టుకుని ఉంటుందని అప్పుడు తట్టింది. ఆయన బిగించిన బ్యాటరీయే ఆయన మాట ఆ పిల్లకు చేరకుండా చేస్తోంది.

భార్యకు చేశాడు. “ఆ చుక్క ఎక్కడుంది?”

“వంతెన దాటింది. ఏమైందండీ? గొంతు అలా ఉందేం?”

“చుక్కను చూస్తూ ఉండు. కన్ను తిప్పకు.”

“నా చూపుతో టాక్సీ ఆగుతుందా? ముందు సంగతేంటో చెప్పండి!”

చెప్పాడు. “సరే, చూస్తూనే ఉంటాను” అంది భార్య, తిట్టకుండా. మేస్త్రీకి దానికంటే తిట్లే నయమనిపించింది.

పక్క దుకాణం లాండ్రీ. లాండ్రీ ఆయన అప్పుడే ఉతికిన కోట్లన్నీ వ్యాన్‌లో వేలాడదీస్తున్నాడు. మేస్త్రీ డ్రిల్లు, సుత్తి, పట్టకారు, ఇనుము కోసే ఆక్సా బ్లేడు గోనెలో పడేసుకుని వ్యాన్ ఎక్కేశాడు.

“బాబాయ్, విమానాశ్రయానికి పోనివ్వు!”

“ఈ కోట్లు హోటలుకి పోవాలిరా నాయనా.”

“అమ్మాయి బతుకు పోయేట్టుంది.”

ఇంకేమీ అడగకుండా లాండ్రీ ఆయన తాళం తిప్పాడు. మలుపు తిరిగినప్పుడల్లా నలభై కోట్లు ఒక్కసారిగా మేస్త్రీ మీదకు వాలాయి, పరామర్శకు వచ్చిన పెద్దమనుషుల్లా. వాటి మధ్య నుంచి చెయ్యి బయటపెట్టి ఆయన ఫోను చెవికి ఆనించుకున్నాడు.

“చుక్క ఆగింది” అంది భార్య. “లోపలికెళ్ళినట్టుంది. ఏమండీ, మరో పెట్టె పట్టుకెళ్ళారా?”

“మరో పెట్టె ఎందుకు?”

“సామాను అందులోకి మార్చడానికి! దుకాణం నిండా కప్పుదాకా పెట్టెలే కదా. ఒక్కటి పట్టుకెళ్ళడానికి చెయ్యి రాలేదా?”

పాడైన పెట్టె కనిపిస్తే బాగుచేయడం తప్ప, దాన్ని మార్చేయవచ్చన్న ఊహ ముప్పయ్యేళ్ళలో ఆయనకు ఒక్కసారైనా రాలేదు. ఇప్పుడు వెనక్కి తిరిగే వేళ లేదు.

వ్యాన్ ఆగేసరికి మేనకోడలే ఫోను చేసింది. “మామయ్యా, వీళ్ళు పెట్టె తీసుకోం అంటున్నారు. బ్యాటరీ ఊడదీసి రమ్మంటున్నారు. అది ఊడదని చెప్పాను. అయితే నువ్వూ ఊడు అన్నట్టు చూశారు.”

“బయటికి రా తల్లీ. తలుపు దగ్గరే ఉన్నాను.”

గోనెలో ఏముందో చూసి కాపలావాడు తలుపుకు అడ్డం నిలబడ్డాడు. “ఇవి పట్టుకుని లోపలికా పెద్దాయనా? ఏం తెరుద్దామని?”

“లోపలికి రాను నాయనా. ఇక్కడే, ఈ గట్టు మీదే.”

ఆ పిల్ల పెట్టె ఈడ్చుకుంటూ వచ్చింది. ముఖంలో రక్తం లేదు. “కౌంటర్ మూసేస్తారట మామయ్యా, కాసేపట్లో. ఎంతసేపు పడుతుంది?”

మేస్త్రీ గోనె విప్పాడు. తన బిగింపు ఎంతసేపటికి ఊడుతుందో ఆయనకే తెలియదు. ఎప్పుడైనా ఊడదీసి చూస్తే కదా.

సామానంతా గట్టు మీద దించారు. తువ్వాలు మీద పరిచిన మూడు జతల పళ్ళు దారినపోయేవాళ్ళకేసి నవ్వసాగాయి. ఒకావిడ వాటిని చూసి చప్పున తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మేస్త్రీ డ్రిల్లు రివిట్టు మీద ఆనించాడు. మొన ఏదైనా గుచ్చుకుందా భగ్గుమంటుంది అన్న మాట చెవిలో మోగింది. రివిట్టు కాలు బ్యాటరీకి ఎంత దగ్గరగా దిగి ఉందో ఆయనకే తెలుసు. ఆ రోజు గట్టిగా ఉండాలని ఆనించి మరీ కొట్టాడు. మొదటిసారి ఆయన చేతిలో డ్రిల్లు మొన జారి రేకు మీద గీత పడింది.

“పెద్దాయనా, ఇక్కడ ఇలాంటివి చేయకూడదు. పైవాళ్ళు చూస్తే నా ఉద్యోగం పోతుంది” అన్నాడు కాపలావాడు. అంటూనే పైవాళ్ళు వచ్చే వైపు తిరిగి, ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు.

మేనకోడలు మామయ్య మణికట్టు పట్టుకుంది. “రివిట్లు వద్దు మామయ్యా. వాటి జోలికి పోవద్దు.”

“మరి?”

“చుట్టూ కోసేద్దాం. రేకూ బ్యాటరీ కలిపి ఒక్క ముక్కగా తీసేద్దాం.”

“పెట్టెకు కన్నం పడుతుంది!”

“పడనీ.”

“అది మీ స్నేహితురాలిది…”

“మామయ్యా, పట్టుకుంటావా పట్టుకోవా?”

అచ్చులు కోసే సన్న రంపం తీసింది. మేస్త్రీ పెట్టెను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, బ్యాటరీ ఉన్న మూలను రెండు అరచేతులతో అదిమి పట్టాడు. ఏదైనా జరిగితే ముందు కాలేవి తన చేతులే. ఆ పిల్ల కళ్ళు చికిలించి, రేకు అంచుకు వెంట్రుకవాసి ఎడంగా కోత మొదలుపెట్టింది. తొందరలేదు, ఆగడం లేదు. తెల్లటి పొడి మేస్త్రీ వేళ్ళ మీద రాలుతోంది. ఎక్కడో పేరు పేరునా ప్రయాణికుల్ని పిలుస్తున్నారు. ప్రతి పేరూ ఆ పిల్లదేనేమోనని ఆయన చెవి రిక్కిస్తున్నాడు. ఆమె తల ఎత్తలేదు. మూడో పక్కకు వచ్చేసరికి ఆయన తన అరచేయి కింద వెచ్చదనం తగిలిందనుకున్నాడు. బ్యాటరీదా, తన చెమటదా? చెబితే ఆమె ఆగుతుంది. చెప్పకపోతే? నోరు తెరిచాడు.

“కదలకు” అంది ఆమె. ఆయన కదల్లేదు.

టక్కుమంది. ముక్క విడివడి ఆయన ఒళ్ళో పడింది. తడిమి చూశాడు. చల్లగానే ఉంది.

సామాను మళ్ళీ లోపల సర్ది, కన్నంలో తువ్వాలు కుక్కారు. వేలిముద్ర తాళం అప్పటికే ప్రాణం వదిలేసింది. తలుపు లోపల పెట్టెలకు ప్లాస్టిక్ కాగితం చుట్టేవాడి దగ్గరకు ఆ పిల్ల పరుగు తీసింది. బ్యాటరీని తీసుకెళ్ళడానికి వీల్లేదు. దాని మీది అక్షరాలు తోలు కింద పోయాయి. అదెంత శక్తిదో చదవలేనిదాన్ని ఎవరూ రానివ్వరు.

అద్దం ఇవతల మేస్త్రీ నిలబడ్డాడు. అవతల కౌంటర్ దగ్గరి అమ్మాయి తల అడ్డంగా ఊపుతోంది. మేనకోడలు ఏదో చెబుతోంది. మళ్ళీ తల అడ్డంగానే. అప్పుడు మేనకోడలు అద్దం వైపు చెయ్యి చూపించింది. మేస్త్రీకి అర్థమైంది. రేకూ రివిట్లూ పెట్టె ముక్కా అన్నీ అంటుకుని ఉన్న ఆ బ్యాటరీని రెండు చేతులతో తల పైకెత్తి పట్టుకున్నాడు. పక్కనున్న కాపలావాడు నాలుగడుగులు దూరం జరిగాడు. కౌంటర్ అమ్మాయి కళ్ళు చిన్నవి చేసి చూసింది. పెట్టె మూలను చేత్తో నొక్కింది. పక్కావిడను పిలిచింది. ఇద్దరూ చూశారు. మేస్త్రీ చేతులు లాగుతున్నా దించలేదు, దించితే మళ్ళీ తల అడ్డంగా ఊపుతుందేమోనని.

పెట్టె నల్లటి పట్టీ మీద కదిలింది. రబ్బరు తెరలు తోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. మేనకోడలు వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

“ఇక దించు పెద్దాయనా” అన్నాడు కాపలావాడు. “దించి, అదేదో కాస్త దూరంగా పట్టుకెళ్ళు.”

ఆ రాత్రంతా, మర్నాడు పగలంతా మేస్త్రీ ఏ పెట్టెకూ ఒక్క మేకు కొట్టలేదు. పెట్టె దిగిందని ముందురోజే కబురొచ్చింది. ఒక అచ్చు అంచు విరిగిందని, అతికించుకున్నానని కూడా చెప్పింది ఆ పిల్ల. మిగతా సంగతి సాయంత్రానికి గానీ తెలియలేదు.

“తీసుకున్నారు మామయ్యా! సోమవారం నుంచి రమ్మన్నారు. గదికి రెండు కిటికీలు!”

మేస్త్రీ బల్ల మీద కూలబడ్డాడు. మెల్లగా అడిగాడు.

“మరి ఆ పెట్టెను చూసి ఎవరూ ఏమీ అనలేదా?”

“పెట్టెను ఎవరు చూశారు మామయ్యా? పళ్ళే చూశారు.”