దిగుడు కాడ సైకిల్ దిగే మనిషి

తెలంగాణ కోసం సమ్మె మొదలైనంక మా బడి బంద్, బస్సులు బంద్, మా ఆయన పనిచేసే దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణం షట్టర్ సగం కిందికి సగం మీదికి. నేను ఎల్బీనగర్ల ఒక ప్రైవేటు బడిల ఆటల టీచర్‌ని. పొద్దున లేస్తే గ్రౌండ్ల పిల్లల్ని ఉరికించి, వాళ్లతోని నేనూ ఉరికే పానం. ఇంట్ల కూసుంటే నాకు ఊరికే కోపమొస్తది. గిన్నెలు గట్టిగ పెడుత, తలుపులు గట్టిగ వేస్త. మా ఆయన కొన్ని రోజులు ఓర్చుకొని, ఒకనాడు చేతులు జోడించిండు. "నీకు దండం పెడ్త, జర ఎటన్న పోయి రా."

ఎటు పోవాలె, దేని మీద పోవాలె? అప్పుడు యాదికొచ్చింది మా తమ్ముడు మా ఇంట్ల వదిలేసిపోయిన గేర్ల సైకిల్. దుమ్ము దులిపి గాలి కొడుతుంటే, పక్క పోర్షన్ల కిరాయికుండే ఆమె గడపల నిలబడి చూసింది. ఆమెది గోదావరి జిల్లా. నాకంటె అయిదారేండ్లు చిన్న. నన్ను వదినగారూ అంటది, నేను చెల్లె అంట. పెండ్లయి ఈడికొచ్చినప్పుడు మంచం, బీరువాతోని పాటు తన సైకిల్ గూడ లారీల ఎక్కించుకొచ్చిన మనిషి. ముందల బుట్ట, ఎనుక క్యారియర్, నల్లటి లేడీస్ సైకిల్.

"నేనూ రానా వదినగారూ?" అన్నది మెల్లగ.

గట్ల మొదలైంది. మొదటి రోజు బడంగ్‌పేట్ దాక పోయి చెరువు కట్ట మీద కూసొని బిస్కెట్లు తిని వచ్చినం. తర్వాత అబ్దుల్లాపూర్‌మెట్ దాక. లారీ లేదు, బస్సు లేదు, హారన్ లేదు. విజయవాడ రోడ్డు నడిమిట్ల ఇద్దరం పక్కపక్కన తొక్కుకుంట ముచ్చట పెట్టుకుంట పోతుంటే నాకు రాజ్యమొచ్చినంత ఖుషీ అయింది. ఒక రోజు సీతాఫలాలు, ఒక రోజు తంగేడు పూలు, ఆమె బుట్ట ఎన్నడూ ఖాళీగ రాలేదు.

ఆమె తొక్కుడు చూడాలె. గేర్లు లేని సైకిల్ మీద, ఎంత ఎత్తైనా సరే, సీటు మీదికెళ్లి లేచి మెల్లమెల్లగ ఎక్కుతది. చిన్నప్పటి సంది ఎదురుగాలికి తొక్కి తొక్కి కాళ్లు గట్టివడ్డయట. నేను గేర్లు మార్చుకుంట రొప్పుకుంట ఎనుకవడేదాన్ని. కని దిగుడొచ్చిందంటె ఆమె టక్కున సైకిల్ దిగుతది. దిగి, హ్యాండిల్ పట్టుకొని, సంకల పిల్లను ఏసుకున్నట్టు నడిపించుకుంట వస్తది. నేను కింద నిలబడి, నీళ్లు తాగి, చెప్పుల రాళ్లు దులుపుకొని చూసేదాన్ని.

"ఎక్కేటప్పుడు దిగుతరు ఎవరైనా. నువ్వు దిగేటప్పుడు దిగుతవేంది చెల్లె?" అంటె నవ్వింది. వాళ్ల ఊర్ల భూమంత సాపుగుంటదట. ఊరు మొత్తానికి ఉన్న ఒక్క దిగుడు కాలువ గట్టు మీదికెళ్లి కిందికి, ఆడ నిండు కాలువ. "పల్లం వస్తే దిగిపోవాలి, లేకపోతే కాలవలోకే" అని వాళ్లమ్మ చిన్నప్పుడే చెవిల పోసిందట. ఈడ కాలువేది తల్లీ, దిగుడు కింద ఇంకో ఎత్తే ఉంటది అని ఎంత చెప్పినా ఆ కాళ్లు ఇనలేదు.

ఇంకోటి గూడ చూసిన. రోడ్డు మీద ఇద్దరమే ఉన్నంతసేపు గలగల మాట్లాడే మనిషి, చాయ్ హోటల్ కాడ ఆగితే నోరు మూసుకుంటది. ఏం కావాలన్నా ఏలు చూపిస్తది. నాతోని చెప్పిస్తది. మా గల్లీల కూరగాయల బండి కాడ గూడ గంతే, వంకాయల దిక్కు చూపుడు, పైసలిచ్చుడు, వచ్చుడు. ఎందుకట్ల అని గట్టిగ అడిగితే చెప్పింది. షేర్ ఆటోల ఒకసారి "ఆపండి" అన్నదట. ఆ యాస ఇని పక్కన కూసున్నాయన నవ్వుకుంట, "మీరెప్పుడు పోతున్నరమ్మా మీ ఊరికి?" అన్నడట. "ఆయన తిట్టలేదండీ. నవ్వుతూనే అడిగారు. అందరూ నా వైపు చూశారు. అంతే" అన్నది. ఆ దినం సంది బయట నోరు తెరుస్తలేదు. నేను ఉద్యమంల ఊరేగింపులకు పోయిన మనిషినే, గొంతు పోయేదాక నినాదాలిచ్చినదాన్నే. నా పక్కింటామె నోరు బందైందని నాకు తెల్వలేదు. చానా బాధైంది.

ఒక శనివారం పెద్ద ప్రయాణం పెట్టుకున్నం. సాగర్ రోడ్డు పట్టి ఇబ్రహీంపట్నం, మంచాల దాటి, రాచకొండ గుట్టలెక్కి అటు దిగితే మా తల్లిగారి ఊరు. అన్నీ మగ్గాల ఇండ్లు. రాత్రి ఆడ పండి, తెల్లారి హైవే మీదికెళ్లి తిరిగొద్దామని. మబ్బుల్నే, ఇంక తెల్లారకముందే బయలెల్లినం. ఇబ్రహీంపట్నం దాటినంక గుట్టలు నీలంగ కనవడ్డయి. గుట్ట పొంటి గునుగు పూలు తెల్లగ పూసినయి. ఒక బండ మీద కూసొని పులిహోర డబ్బా ఇప్పినం.

అప్పుడు చెప్పింది. "మావారికి విశాఖపట్నం ట్రాన్స్‌ఫర్ ఇస్తామన్నారు వదినగారూ. సోమవారం చెప్పాలి. నువ్వు ఉందామంటే ఉందాం, వెళ్దామంటే వెళ్దాం, నీ ఇష్టం అన్నారు."

"నువ్వేమన్నవ్?"

"వెళ్దామనే అనుకుంటున్నానండీ. ఎన్నాళ్లని నోరు మూసుకుని తిరుగుతాను?"

నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. ఎవరి మీదనో తెల్వదు. "పోతే పో, నన్నేం అడుగుతవ్" అని డబ్బా మూత పెట్టి సైకిలెక్కిన. ఎనుక చూడకుంట చానా దూరం తొక్కిన. కండ్లల్ల నీళ్లొస్తున్నయి, దుమ్ము పడ్డదని నాకు నేనే చెప్పుకున్న. ఆమె పోతే నాకు మళ్ల గిన్నెలే దిక్కు. గంత నచ్చిన దోస్తు ఈ వయసుల మళ్ల దొరుకుతదా ఎవరికన్న?

గుట్టకు ముందల ఒక ఊరొచ్చింది. రోడ్డుకు అడ్డంగ రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజులు, ఒక దిక్కు డప్పులు. వంటా వార్పు. ఊరంత రోడ్డు మీదనే వండుకొని, ఆడనే తిని, బండ్లను ఆపుడు. నేనాగేసరికి ఎనుకనే చెల్లె గూడ వచ్చి అందుకుంది, మా సైకిళ్లను గూడ ఆపిండ్రు. తినకుంట ఎవ్వరూ దాటొద్దని వాళ్ల షరతు. ఆమె నా ఎనుక నిలబడి, "గొంతు బాగోలేదని చెప్పండి వదినగారూ" అని చెవిల అన్నది. సరే, కోపం ఉన్నా చెప్పిన. "మా చెల్లెకు గొంతు పట్టుకుంది, మాట రాదు."

అది చెప్పుడే తప్పయింది. ఆడోళ్లంత ఆమె చుట్టూ చేరిండ్రు. ఒక ముసలామె, నుదుట ఇంత పెద్ద బొట్టు, ఆమెను పట్టుకొని కూసోవెట్టి మిరియాల కషాయం తాగిపిచ్చింది. ఇంకొకామె గొంతుకు పసుపు రాసింది. చెల్లె మొఖం చూస్తే నాకు నవ్వాగలేదు. కోపం సగం ఆడనే పోయింది. తాగినంక ఊకె కూసోనిస్తరా, ఇద్దరి ముందల సొరకాయలు పెట్టిండ్రు. కోసినం.

పప్పుచారు గంజుల సొరకాయ ముక్కలు అప్పుడే ఏసిండ్రు. నీళ్లింక మసలలేదు. ముసలామె కోడలు చింతపండు పులుసు గిన్నె ఎత్తి గంజు మీదికి వంచబోయింది.

"అయ్యయ్యో, ఆగండాగండి. ముక్క ఉడక్కుండా పులుసు పోసేస్తారేంటండీ? ఇంక సాయంత్రం దాకా ఉడకదది."

అరుపు కాదది, కేక. కోడలి చెయ్యి ఆడనే ఆగింది. చుట్టున్నోళ్లంత ఇటు తిరిగిండ్రు. చెల్లె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

ముసలామె ఆమె దిక్కు చూసి, "కషాయం మంచిగ పనిచేసింది" అన్నది.

ముందు ఒకామె నవ్వింది, తర్వాత అందరు నవ్విండ్రు. డప్పు కాడ కూసున్న ఒకాయనకు మాత్రం నవ్వు రాలేదు. "ఆంధ్రోళ్లకు గూడ మనమే పెట్టాల్నా?" అన్నడు ఇనవడేటట్టు. ముసలామె గంటె పట్టుకొనే అటు తిరిగింది. "రోడ్డు మీద వండినంక ఎవరొస్తే వాళ్లు తింటరు. నువ్వు కట్టెలు తే పో." ఆయన లేచి కట్టెలకు పోయిండు.

పులుసు ఎప్పుడు పొయ్యాల్నో చెల్లెనే చెప్పమన్నరు. ఆమె గంజు కాడ నిలబడి, ముక్క నొక్కి చూసి, "ఇప్పుడు పొయ్యండి" అన్నది. బంతిల కూసున్నప్పుడు ముసలామె ఆమెకు రెండోసారి చారు పోసుకుంట సూటిగ అడిగింది. "తెలంగాణ ఒస్తే పోతవా బిడ్డ?"

"తెలీదండీ. అందరూ ఎప్పుడు వెళ్తారు అనే అడుగుతున్నారు."

"మాకు నీళ్లు గావాలె, మా పిల్లలకు నౌకరీలు గావాలె. గందుకు కూసున్నం ఈడ. నీ పొయ్యి ఆర్పుతందుకు గాదు. తిను." గంతే చెప్పి పక్క ఇస్తారు కాడికి పోయింది.

చెల్లె తలొంచుకొని తిన్నది, ఆకు మీద ఒక్క మెతుకు ఇడువలేదు.

గుట్ట ఎత్తు ఆమె కాళ్లకు గూడ లొంగలేదు. చానా దూరం నడిపించుకుంటనే ఎక్కినం. పైకొచ్చినంక అటు దిక్కు దిగుడు, మలుపులు మలుపులుగ, కింద దూరంగ మా ఊరి చింతచెట్లు. నేను ఎప్పటి లెక్కనే ముందుగాల్ల జర్రున దిగి, మలుపు కాడ సైకిల్ ఆపి, నీళ్ల సీసా మూత తీసిన. ఆమె నడిచొచ్చేదాక టైముంది కదా అని.

మీదికెళ్లి బ్రేకులు కీసుమన్నయి. చూస్తే చెల్లె. సీటు మీద నిటారుగ కూసొని, కొంగు నడుముకు చెక్కుకొని, రెండు బ్రేకులు గట్టిగ పట్టుకొని వస్తున్నది. రోడ్డు మీద మేకల మంద. "తప్పుకోండి, తప్పుకోండి, అయ్యా తప్పుకోండీ" అని గుట్టలు మారుమోగేటట్టు అరుసుకుంట నా ముందలికెళ్లే పోయింది. మేకలకు గూడ అండీ అన్న మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూసిన. నవ్వీ నవ్వీ నీళ్లు పొలమారినయి.

దిగుడంత అయిపోయినంక చింతచెట్టు కింద నిలబడి ఉన్నది. చేతులు ఇంక బ్రేకుల మీదనే ఉన్నయి. "కాలవేం లేదు వదినగారూ" అన్నది. నేను మళ్ల ట్రాన్స్‌ఫర్ ముచ్చట ఎత్తలేదు. అడిగితే పోతనంటదేమోనని భయం. ఆ రాత్రి మా అమ్మ పెట్టిన జొన్నరొట్టెలు తిని పండుకున్నం, తెల్లారి హైవే మీదికెళ్లి ఇంటికొచ్చినం.

సోమవారం పొద్దున నేను ఇంట్ల బియ్యం ఏరుతున్న. చేతులు బియ్యం మీద, చెవులు పక్క పోర్షన్ మీద. వాళ్లాయన స్కూటర్ స్టార్టయి పోయింది. ఏం చెప్పి పంపిందో తెల్వదు. జరసేపటికి గల్లీల కూరగాయల బండొచ్చింది. ఎప్పటి లెక్క ఏలు చూపించుడే ఉంటదనుకున్న.

"ఏంటండీ ఈ వంకాయలు, పుచ్చులన్నీ మాకే పెడుతున్నారా? రేపట్నుంచి నేనే ఏరుకుంటాను, చెప్తున్నా."

గల్లీ చివర్దాక ఇనవడ్డది. రేపట్నుంచి అన్నది. నేను బియ్యం చాట పక్కన పెట్టి, కొంగుతోని మొఖం తుడుచుకొని, వంకాయలు కొననీకి బయటికి పోయిన.