కిరాయి మిషను, బావ బర్రె

నా తెలివితేటల వల్ల ఒక ముసలి దర్జీ, కుట్టుపని వచ్చిన ఒకామె, మా అక్కాబావలు, చివరికి ఏ పాపమూ ఎరగని ఒక బర్రె కూడా ఇబ్బందుల పాలైన కథ ఇది. మీరు హాయిగా నవ్వుకోవచ్చు. అప్పట్లో నవ్వలేకపోయింది నేనొక్కణ్ణే.

పోలీసు చర్యకు కొద్దినెలల ముందు మాట. పాలమూరులో యూసుఫ్ సాబు అనే పెద్దాయన ఉండేవాడు. చూపు తగ్గి, సూదిలో దారం ఎక్కించలేక, తన కుట్టుమిషనును నాకు కిరాయికిచ్చాడు. ఆ కిరాయితోనే ఆయనకు పూట గడిచేది. నేను కుట్టిన మొదటి లాగును చూసి ఆయన అటూ ఇటూ తిప్పి తడిమాడు. తరవాత, రెండు కాళ్ళూ ఒకే మనిషివేనా అని మెల్లగా అడిగాడు. అయినా నేను మాత్రం దర్జీనైపోయానని నమ్మాను.

అంతటితో ఊరుకుంటే మీకు ఈ కథ దక్కేది కాదు. ఆత్మకూరు దగ్గర ఊళ్ళో ఉండే మా బావతో, మిషను కొన్నానని గొప్పలు పోయాను. ఇంతలో రజాకార్ల గొడవలతో పాలమూరులో బజారు సగం మూతపడింది. యూసుఫ్ సాబు భయపడి చుట్టాల ఇంటికి పోయాడు. గిరాకీ లేని మిషను దుమ్ము పట్టడమెందుకని నాకొక మహత్తరమైన ఆలోచన తట్టింది. దాన్ని బండికెత్తించి, తీసుకుపోయి బావ ఇంట్లో దింపాను. ఆయన నడుపుకోవాలి, నాకు నెలనెలా జొన్నలివ్వాలి. అంటే, కిరాయికి తెచ్చిన వస్తువును నేనే మళ్ళీ కిరాయికిచ్చానన్నమాట. అసలు మనిషికి ఒక మాట చెప్పాలన్న ఊహ కలలోకి కూడా రాలేదు.

బావ మంచివాడు, అనుమానం మనిషి. "ఎవలన్న వచ్చి అడుగుతరా?" అన్నాడు.

"నాది బావా. నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో," అన్నాను. ఆ క్షణాన నా ఛాతీ నేను వచ్చిన బండికంటే వెడల్పుగా ఉంది.

తరవాత మిలిట్రీ వచ్చింది, నిజాం లొంగిపోయాడు. పాలమూరులో ఎవరిని కదిలించినా మూడురంగుల జెండాల మాటే. నాకు ప్రాణం లేచి వచ్చింది. కాళ్ళూ చేతులూ లేని బట్ట, మూడు పట్టీలు కలిపితే చాలు, దానికి నాకంటే తగిన దర్జీ ఎవరు? అంతలో యూసుఫ్ సాబు కూడా తిరిగొచ్చి, మిషనును ఒకసారి చూస్తానన్నాడు. మరమ్మతుకిచ్చానని బొంకి, ఆత్మకూరు దారి పట్టాను.

అక్క జొన్నరొట్టె పెట్టి, కత్తితో కోయాల్సినంత గట్టి పెరుగు వేసింది. ఆవురావురుమని సగం తిన్నాక, మిషను ఏదని అడిగాను.

బావ నా పళ్ళెం వైపు చూశాడు. "నువ్వు తినేది గదే."

అర్థం కాక నేనూ పళ్ళెం వైపు చూశాను. సంగతేమంటే, బావ తొక్కితే మిషను వెనక్కే తిరిగేదట. అదే ఊళ్ళో రాజవ్వ అనే ఆమెకు కుట్టు బాగా వచ్చు. ఆమె తన పాడిబర్రెనిచ్చి మిషను తీసుకుపోయింది. ఇష్టమొచ్చినట్టు చేసుకొమ్మన్నది నువ్వే కదా అని బావ నెమ్మదిగా గుర్తుచేశాడు. మిషను నాది కాదని అప్పుడు చెప్పాను. అక్క పెరుగు గిన్నె లోపలికి తీసుకుపోయింది.

రాజవ్వ దగ్గరికి పోతే, ఆమె నిజం తెలియక కొన్నానంది. మిషను ఇవ్వను పొమ్మంది. న్యాయంగానే తోచింది. అందుకని పాలమూరుకు తిరిగొచ్చి ఒక వకీలు కాళ్ళమీద పడ్డాను.

"కిరాయికి తెచ్చుకున్నోనికి వాడుకునే హక్కే ఉంటది, అమ్మే హక్కుండదు," అన్నాడాయన. "నీకే లేని హక్కు మీ బావకు ఏడికెల్లొస్తది? ఆయనకు లేనిది రాజవ్వకు ఎట్లొస్తది? మిషను ఏడున్నా యూసుఫ్ సాబుదే."

"మరి బర్రె?"

"రాజవ్వకు వాపస్ ఇయ్యాలె."

"మరి నాకేం మిగిలె?"

"తప్పు," అన్నాడు వకీలు. "అది పూరాగ నీదే."

ఆ మాటలన్నీ, చివరిది తప్ప, మళ్ళీ ఆ ఊరికి పోయి రాజవ్వకు అప్పజెప్పాను. ఆమె మా బావ ఇంటికి పోయి, బర్రెను విప్పుకొచ్చి తన కొట్టంలో కట్టేసుకుంది. మిషను యూసుఫ్ సాబుకు తానే అప్పగిస్తానని నాతోపాటు బండెక్కింది. బావ, బర్రె పోయిన దుఃఖంతో, సాగనంపడానికి కూడా బయటికి రాలేదు.

పాలమూరులో నేను జరిగిందంతా ఒప్పుకుంటున్నా యూసుఫ్ సాబు వినడం లేదు. మిషనును చేతులతో తడుముతున్నాడు. చక్రం తిప్పితే గాలిలా తిరిగింది. ఇంత మంచిగా ఎవరు చూసుకున్నారని అడిగాడు. రాజవ్వ తాను కుట్టిన జెండా ఒకటి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కుట్టు మీద వేలు నడిపించి చూసి, మిషనును అక్కడికక్కడే ఆమెకు కిరాయికిచ్చేశాడు.

"మరి నా గతి?" అన్నాను.

రాజవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "గుండీలు కుట్టొస్తదా?" అంది.

అలా, నేను కిరాయికి తెచ్చిన మిషను పక్కన, నేనే జీతగాడినై గుండీలు కుట్టాను. మొదటిరోజే సూది ముట్టుకొని ఒట్టేసుకున్నాను: అరువు వస్తువును నాదనను, ఇంకొకరి చేతికివ్వను. నేటికీ తప్పలేదు. వానలో అరువు గొడుగు పట్టుకొని పోతుంటే ఎవరైనా కిందికి దూరబోతే, గొడుగు యజమానిని అడిగి రమ్మంటాను.