ఆంటెనా పడ్డ రోజు

మొన్న యాప్రాల్‌లో మేము కొత్తగా అద్దెకు దిగిన ఇంటి డాబా మీద తుప్పు పట్టిన ఆంటెనా ఒకటి చూసి, కాసేపు అక్కడే నిలబడిపోయాను.

చిన్నప్పుడు మారేడ్‌పల్లిలో మా డాబా మీద, రేడియో కోసం వెదురు గడకు కట్టిన తీగను నాన్న ‘ఏరియల్’ అనేవాడు. నాకు తెలిసిన మాట అదొక్కటే. ఒకనాడు గాలివాన వెలిశాక మామయ్య డాబా ఎక్కి అమ్మను కేకేశాడు.

“అక్కా, ఆంటెనా కింద పడ్డది! జెర వచ్చి చూడు.”

నా చెవికి అది ‘ఆంటీ’ అని వినిపించింది. పక్కింట్లో ఒంటరిగా ఉండే టీచరమ్మను నేను ఆంటీ అని పిలిచేదాన్ని. ఏడుస్తూ వాళ్లింటికి పరుగెత్తాను. ఆమె నిక్షేపంగా పొయ్యి దగ్గర చపాతీలు కాలుస్తోంది.

“ఆంటీ, నువ్వు కింద పడ్డవంట! దెబ్బ తాకిందా?”

నా వెనకే వచ్చిన మామయ్య సంగతి తెలిసి పగలబడి నవ్వాడు. ఆంటీ నవ్వలేదు. పిండి చేతులు కడుక్కుని నన్ను దగ్గరికి తీసుకుంది.

“ఏరియల్‌నే ఆంటెనా అని కూడా అంటారమ్మా. ఏ మాట తెలియకపోయినా వచ్చి నన్ను అడుగు, సరేనా?”

మర్నాటి నుంచి ఏదో ఒక మాట పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లేదాన్ని. ఇప్పటికీ నలుగురిలో తెలియని మాట వినబడితే, అర్థం అడగడానికి నాకు సిగ్గు వేయదు. అది ఆమె పెట్టిన భిక్షే.