కొత్త డ్రైవరు రేటు

ఇరవై మూడేళ్లు కారు నడిపిన మనిషిని పట్టుకుని "అనుభవం సున్నా" అంటే ఎవరికైనా ఒళ్లు మండదా? పొడుగాయనకి మండింది. పనిచేసే గోడౌనులో, ఇంటి చుట్టుపక్కల, అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఆరడుగులు దాటిన మనిషి మరి. కానీ ఎదురుగా కూర్చున్న ఇన్సూరెన్సు ఏజెంటు మన భాషవాడు, మంచివాడు, పైగా ఆ ఇంటి టీయే తాగుతున్నాడు. అందుకని పళ్లు బిగబట్టి ఊరుకున్నాడు.

"ఈ దేశం లైసెన్సు వచ్చి మూడు నెలలే కదన్నా. వీళ్ల దృష్టిలో మీరు నిన్నగాక మొన్న స్టీరింగు పట్టినట్టే లెక్క," అన్నాడు ఏజెంటు. "ఇన్సూరెన్సు రెండు రకాలు. చవకదైతే, మీరు ఎవరినైనా గుద్దితే వాళ్ల నష్టం కంపెనీ కడుతుంది, మీ బండి సంగతి మీరే చూసుకోవాలి. రెండోదైతే మీ బండికీ పూచీ. ఏది తీసుకున్నా కొత్త డ్రైవరు రేటే పడుతుంది."

ఏజెంటు రాసి చూపించిన అంకెని పొడుగాయన రెండుసార్లు చదివాడు. అంత పెట్టుకోవడం తన తరం కాదు. బండి లేకపోతే కుదరదు కూడా. ఆయన భార్య ఆసుపత్రి వంటగదిలో పనిచేస్తుంది. వచ్చే ఒకటో తారీకు నుంచి ఆవిడ డ్యూటీ తెల్లవారుజామున ఐదింటికి మార్చారు. మొదటి బస్సేమో ఆరింటికి. టైముకి రాలేకపోతే ఉద్యోగం ఉండదని సూపర్‌వైజరు మొహమాటం లేకుండా చెప్పేసింది. అందుకే ఉద్యోగం మానేసి వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర ఈ పాత కారు కొన్నాడు. ఇన్సూరెన్సు లేనిదే రోడ్డెక్కనివ్వరు కాబట్టి, ప్రస్తుతానికి అది నాలుగో అంతస్తు కిటికీలోంచి చూసుకోవడానికే పనికొస్తోంది.

"ఒక దారుంది. మీరు అక్కడ ఎవరి బండి నడిపారో వాళ్ల చేత ఉత్తరం రాయించండి. ఎన్నేళ్లు నడిపారు, ఇన్సూరెన్సులో ఎన్ని క్లెయిములు పెట్టారు, రెండే ముక్కలు. క్లెయిము ఒక్కటీ లేకపోతే ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే కంపెనీ ఉంది. ఒక్కటున్నా ఒప్పుకోరు."

పొడుగాయన కిటికీలోంచి కారు వైపు చూశాడు. ఒకటుంది మరి.

అక్కడ ఆయన డ్రైవరుగా నడిపింది డాక్టరమ్మ తెల్ల కారు. ఆహా, ఏం రోజులవి! పొద్దున్నే ఒక బకెట్టు నీళ్లు, ఒక చిరుగు బనీను, అద్దంలా తుడిచేవాడు. డాక్టరమ్మ మెట్లు దిగేసరికి వెనక తలుపు సరిగ్గా ఆవిడ చేతికందాలి. ఎక్కడ ఆపినా బండి మూతి రోడ్డు వైపుకే ఉండాలి, కాన్పు కేసు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు! ఎవరడిగినా "మా బండి" అనే చెప్పేవాడు. చిత్రమేమిటంటే, ఇక్కడ సొంతది కొన్నాక ఆ మాట నోటికి రావడం లేదు. మొన్న భార్యకి చూపిద్దామని కిందికి తీసుకెళ్లి ఏం చేశాడనుకున్నారు? అలవాటు కొద్దీ వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. ఆ మహాతల్లి కూడా దర్జాగా ఎక్కి కూర్చుంది!

డాక్టరమ్మ నాన్నగారు, పెద్దయ్యగారు, డెబ్బై దాటినా స్టీరింగంటే పడిచచ్చేవారు. పొట్టి మనిషి, కింద దిండు వేసుకుని మరీ కూర్చునేవారు. ఆదివారాలు ఖాళీ మైదానంలో నాలుగు చుట్లు తిప్పేవారు, పొడుగాయన పక్క సీట్లో. ఒక ఆదివారం తిరిగొచ్చేటప్పుడు ఇంటి గేటు దాకా తనే నడుపుతానని పట్టుబట్టి, రాతి స్తంభాన్ని గుద్దేశారు. లైటు పగిలింది, బానెట్టు నలిగింది. "ఒరేయ్, అమ్మాయికి తెలిస్తే ఇక తాళాలు ముట్టుకోనివ్వదురా," అని పసిపిల్లాడిలా కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"నేనే గుద్దానమ్మా," అన్నాడు పొడుగాయన, తల వంచుకుని. డాక్టరమ్మ బండి చుట్టూ తిరిగి, లోపలికి ఒకసారి తొంగిచూసి, "సరేలే, ఇన్సూరెన్సు వాళ్లు చూసుకుంటారు," అని వెళ్లిపోయారు. పెద్దయ్యగారు పోయేదాకా ఆదివారాలు ఆగలేదు.

ఈ కథంతా పొడుగాయన ఏజెంటుకి చెప్పలేదు. ఒక క్లెయిము ఉందని మాత్రం చెప్పాడు.

"లేదని రాయించెయ్యన్నా, ఎవడు చూడొచ్చాడు?"

"ఆవిడ చేత అబద్ధం రాయిస్తానా? చాల్లేవయ్యా!"

పోయిన పెద్దాయన మాట ఇప్పుడు బయటపెట్టడానికీ మనసొప్పలేదు. ఆ సాయంత్రం డాక్టరమ్మకి ఫోను చేసి, ఉన్నది ఉన్నట్టు రాయమని బతిమాలాడు. భార్య పక్కనే నిలబడి వింది. పొద్దున్నే నడిచి వెళ్తే ఎంతసేపు పడుతుందో లెక్కవేసుకుంది.

నాలుగో రోజు ఉత్తరం ఫోనులోకి వచ్చింది, అక్కడి ఇన్సూరెన్సు కంపెనీ ముద్ర వేసిన కాగితంతో సహా. ఏజెంటు గట్టిగా చదివాడు. "ఇరవై మూడేళ్లు నా కారు నడిపాడు. క్లెయిములు లేవు." చదివి ఎగిరి గంతేశాడు. పొడుగాయన మాత్రం కంగారుగా ఫోను అందుకున్నాడు.

"అమ్మా, ఒకటి మర్చిపోయారు. గేటు స్తంభం..."

"మర్చిపోలేదు. దానికి క్లెయిము పెట్టలేదు, నేనే బాగు చేయించుకున్నాను. పెడితే గుద్దినవాడి పేరు రాయాలి. నీ పేరు ఎలా రాస్తానయ్యా?"

"గుద్దింది నేనే కదమ్మా?"

డాక్టరమ్మ నవ్వారు. "ఆ రోజు డ్రైవరు సీటు స్టీరింగుకి ఆనేంత ముందుకి జరిపి ఉంది. అందులో నీ మోకాళ్లు పడతాయా?"

పొడుగాయన, "మరి అప్పుడే అడగలేదేమమ్మా?" అన్నాడు.

"అడిగితే నాన్న ఆదివారాలు పోయేవి. నువ్వేమో తిట్లు తినడానికి సిద్ధపడ్డావు. నేను మాత్రం పాడు చేస్తానా?"

ఫోను పెట్టేసి ఆరడుగుల మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు. పెద్దయ్యగారు గుర్తొచ్చారు, ఆ మైదానం గుర్తొచ్చింది. ఏజెంటు చల్లారిన టీ కేసి చూస్తూ కూర్చున్నాడు. చివరికి కాగితం ముందుకి తోసి, "ఏ రకం రాయమంటారన్నా?" అని అడిగాడు.

"రెండోదే రాయి. మా బండికీ పూచీ ఉండాలి."

కాగితాలు చేతికొచ్చిన రోజు మొగుడూ పెళ్లాలు కిందికి దిగారు. ఆవిడ మళ్లీ వెనక తలుపు మీదే చెయ్యి వేసింది. పొడుగాయన ముందు తలుపు తీశాడు.

"ఇటు రా. సీటు నీకు ఎంత కావాలంటే అంత జరుపుకో."