మంచు మీద సోఫా లేదు

ఈ రోజు మా అమ్మాయి సాహితికి స్కీయింగ్ నేర్పడానికి మేముండే రువైస్ నుండి మూడు గంటలు కారు నడిపి దుబాయ్‌లోని ఒక మాల్‌కు వెళ్ళాను. బయట ఎండ, లోపల యంత్రాలు కురిపించిన మంచు. ‘కోచ్ ఎందుకమ్మా, నేనున్నాను కదా’ అని పది రోజులుగా చెబుతూ వచ్చాను. వీడియోలు చూసి ఇరవై రెండు అంశాల జాబితా రాసుకున్నాను. కాళ్ళకు చెక్కలు కట్టుకుని, మా హాల్లో తివాచీ మీద ఒక్కొక్కటీ సాధన చేశాను.

ముందు నేను చేసి చూపిద్దామని సాహితిని కింద నిలబెట్టి పైకెళ్ళాను. వాలు మొదట్లోనే పడ్డాను. కంగారు పడలేదు. పడినప్పుడు లేవడం జాబితాలో తొమ్మిదో అంశం. అయితే ఇంట్లో లేచిన ప్రతిసారీ సోఫా పట్టుకున్నానని అప్పుడే గుర్తొచ్చింది. ఐదుసార్లు లేవబోయి ఐదుసార్లూ జారాను.

కింద నుండి సాహితి “నాన్నా!” అని అరవడం విని, మంచు చదును చేస్తున్న పనివాడు పారతో వచ్చాడు.

“తెలుగోళ్ళా అన్నా? నీకెవలు నేర్పిన్రు?”

“సొంతంగా నేర్చుకున్నానండీ.”

“కనవడ్తనే ఉన్నది. గా కట్టెలు ఇప్పి నడుసుకుంట దిగు. యల్లా, జల్ది జల్ది, ఎనక జనం ఆగిన్రు.”

స్కీలు చంకలో పెట్టుకుని దిగాను. సాహితి నవ్వలేదు. నవ్వినా బాగుండేది. “నాన్నా, కోచ్ దగ్గర పేరు రాయించుకోనా?” అని మెల్లగా అడిగింది. తల ఊపాను.

గంట తర్వాత తను పైనుండి జారుతూ వచ్చి, మధ్యలో పడి, ఏమీ పట్టుకోకుండానే లేచింది.

తెలిసిన మిత్రులు దయచేసి చెప్పండి, అలా ఎలా లేస్తారు? సాహితిని అడగవచ్చు. ఇంకా ధైర్యం చాలలేదు.