పరుపులక్క కళ్ల కింది నలుపు

పరుపుల కొట్లో పనిచేసే అక్క ఓసారి అమ్మకానికి పెట్టిన పరుపు మీద ఎంత మొద్దునిద్ర పోయిందంటే, పరుపుతో పాటు ఆమెనీ కొన్నవాళ్లింటికి చేరవేశారట! అలాంటి మనిషికి కళ్ల కింద మసి పూసినట్టు నలుపు.

"నిన్ను చూస్తే మన పరుపు మీద నిద్రే పట్టదనుకుంటారే తల్లీ! అది తగ్గేదాకా గోదాములో కూర్చో," అన్నాడు యజమాని బాబాయి.

వచ్చేపోయేవాళ్లతో కబుర్లు లేకుండా బతకడమెలాగని అక్కకి గుండె జారిపోయింది. వదినని వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. అక్కడ కూర్చుందో లేదో, రెండు పిడికిళ్లతో కళ్లు నలిపేసుకుంది.

"ఎప్పుడూ ఇంతేనా?" అంది డాక్టరమ్మ.

"దూది సమంగా కుదిరిందో లేదోనని ప్రతి దిండులోనూ ముఖం దూర్చి చూస్తుందండీ. ఇక దురదే దురద," అంది వదిన.

"మరింకేం! నిద్ర చాలక కాదమ్మా, దూది దుమ్ము నీకు పడక వచ్చిన ఎలర్జీ. నలిపీ నలిపీ చర్మం నల్లబడింది. దిండుని చేత్తో నొక్కి చూడు, మాస్కు కట్టుకో, ఈ చుక్కలు వేసుకో."

రెండు నెలలకి నలుపు పలచబడి, అక్క మళ్లీ కొట్లోకొచ్చింది. ఇప్పుడు ఆ నిద్ర కథని బాబాయే కొనేవాళ్లకి ఊదరగొడుతుంటే, అక్క దిండు తడుతూ ఆ మాట సరిదిద్దుతుంది:

"వాళ్లింటిదాకా ఏం పోలేదండీ. ఆటోలోకి ఎక్కించేటప్పుడే మెలకువొచ్చేసింది."