ఇంజనుకు పెళ్లి పత్రిక

ఆ రోజుల్లో రఘునాథపల్లి దిక్కు ఏ ట్రాక్టరు కిందైనా నల్లటి చుక్కలు కనిపించకపోతే, అందులో అసలు ఆయిల్ పోశారా లేదా అని అనుమానపడేవాళ్లం. మా ట్రాక్టరు మీద మాత్రం ఎవరికీ అలాంటి అనుమానం రాలేదు. నేను పుట్టకముందు బాపు సెకండ్ హ్యాండులో కొన్న బండి అది. దాని కింద ఎప్పుడూ ఒక సత్తు బేసిన్ ఉండేది (అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బేసిన్, ఆ సంగతి మేం మరిచిపోకుండా అమ్మ చూసుకునేది). రాత్రంతా కారిన ఆయిల్‌ను పొద్దున్నే వడగట్టి మళ్లీ ఇంజన్లో పోయడం బాపుకు పళ్లు తోముకోవడం లాంటి పని. నాకు పెళ్లి సంబంధం వచ్చేదాకా అదొక లోపమని మాకు తోచనేలేదు.

అప్పుడు నేను సుబేదారిలో ఒక ఆఫీసులో కొత్తగా పనికి చేరాను. పరకాల దిక్కు నుంచి ఒక సంబంధాన్ని మా మేనత్త తెచ్చింది. పిల్లను చూడటానికి వెళ్తే, పెద్దవాళ్లంతా నా జీతం గురించీ పొలం గురించీ మాట్లాడుతుంటే ఆమె మాత్రం ఒక్క మాట అడిగింది. "ట్రాక్టర్ నడపొస్తదా?" వస్తుందన్నాను. "ట్రాలీతోని రివర్సు?" అంది. అదీ వస్తుందన్నాను (రాదు). ఆ క్షణంలోనే ఈమె కాకపోతే నాకు పెళ్లే వద్దని నిర్ణయించుకున్నాను. ఇక మిగిలింది వాళ్లు వచ్చి ఇల్లు చూసుకోవడం. మా వైపు ఇల్లు చూసుకోవడమంటే ఇల్లొక్కటే కాదు. బావిలో నీళ్లు, బర్రె పొదుగు, నీళ్ల గోలెంలో నాచు, అన్నీ చూస్తారు. పైగా మా ట్రాక్టర్ కొత్తదాని లెక్కనే ఉంటుందని మేనత్త అక్కడ గట్టిగా చెప్పి వచ్చింది.

ఆమె మాట నిలబెట్టాలని, వాళ్లు వచ్చే ముందు రోజు పొద్దున్నే నేనూ బాపూ ట్రాక్టరును డీజిలుతో కడిగాం. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డినంతా గీకి పారేశాం. మడ్డి కింద ఎర్ర రంగు కనిపించేసరికి బాపు మురిసిపోయాడు. స్టార్ట్ చేశాక కానీ అసలు సంగతి తెలియలేదు. ఇంజను పక్క మూత దగ్గర ఇన్నేళ్లుగా ఆయిల్‌ను ఆపుతూ వచ్చింది ఆ మడ్డే. నిన్నటిదాకా చుక్కలుగా కారింది కాస్తా ఇప్పుడు ధార కట్టి, అమ్మ వేసిన ముగ్గును సగం తినేసింది. నాయినమ్మ మంచంలోంచి లేవకుండానే, కడగమని మిమ్మల్ని ఎవడడిగాడని విచారణ మొదలుపెట్టింది.

ఒంటి సబ్బు రుద్దాం. నురుగొచ్చింది తప్ప ఆయిల్ ఆగలేదు. నాయినమ్మ సలహా మీద గోధుమపిండి ముద్ద పెట్టాం. ఇంజను వేడికి అది వేగి వాకిలంతా పూరీల వాసన కమ్ముకుంది, కోళ్లన్నీ వచ్చి ట్రాక్టరు చుట్టూ చేరాయి. మూతకూ ఇంజనుకూ మధ్య ఉండే ప్యాకింగ్ చివికిపోయిందని విప్పి చూస్తే తేలింది. కొత్తది కొందామని వరంగల్ వెళ్లాను. దుకాణదారు మోడల్ పేరు విని, అది ఇంకా బతికే ఉందా అని దూరపు చుట్టాన్ని పరామర్శించినట్టు అడిగాడు. ప్యాకింగ్ దొరకదనీ, దళసరి అట్ట కోసి గ్రీజు పూసి పెట్టుకోమనీ పంపించాడు.

మా ఇంట్లో దళసరి అట్ట ఉండేది ఒక్కచోటే. వంటింటి తలుపు వెనక, తీగకు గుచ్చిన పెళ్లి పత్రికల దగ్గర. పసుపు పెట్టిన పత్రికను పారేయకూడదని నాయినమ్మ ప్రతిదాన్నీ అక్కడ గుచ్చి ఉంచేది. బాపు ఒక్కోటి వేళ్ల మధ్య పెట్టి, బట్టల దుకాణంలో గుడ్డను చూసినట్టు నలిపి చూశాడు. పేరున్న ఇళ్ల పత్రికలు కూడా పరీక్షలో తప్పాయి. చివరికి ఒకటి దొరికింది. వంచితే వంగలేదు. ఎవరి పెళ్లో చూద్దామని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

కత్తెర తీసేసరికి నాయినమ్మ మంచం దిగి వచ్చింది. "దేవుని బొమ్మ కొయ్యద్దు, దేవునికి ఆయిల్ అంటద్దు. పేర్ల మీద గూడ కత్తెర పెట్టకున్రి, మంచిది గాదు," అంది. ఆ షరతులకు లోబడి, పత్రికను మూత అంచుకు ఆనించి సుత్తితో తట్టి, గుర్తులు పడ్డచోట కోశాం. పైన గణపతి, ఆయన కింద పెళ్లికి పిలిచినవాళ్ల పేరూ ఊరూ ఉన్న ముక్కను మాత్రం ముట్టుకోకుండా మూత బయటికి వదిలేశాం. బోల్టులు బిగించి స్టార్ట్ చేస్తే ఒక్క చుక్క లేదు. బాపు బేసిన్ బోర్లించి దాని మీదే కూర్చుని చాయ్ తాగాడు.

మర్నాడు మేనత్త వెంట పిల్ల తల్లీ తండ్రీ వచ్చారు. బాపు వాళ్లను నేరుగా ట్రాక్టర్ దగ్గరికే తీసుకెళ్లి స్టార్ట్ చేశాడు. ఇంజను అదురుకు గణపతి తల ఊపుతున్నాడు. పిల్ల తండ్రి వెంటనే చెప్పులు విడిచి దండం పెట్టాడు. ఇంజనుకు కూడా దేవుణ్ని పెట్టుకున్నారని మెచ్చుకున్నాడు. తర్వాత జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని ఇంకాస్త వంగాడు. ఆయన వెనక నేనూ వంగి, ఆ పేరు మొదటిసారి చదివాను.

అది ఆయన పేరే. ఆయన పెద్దబిడ్డ పెళ్లి పత్రిక. మేనత్త మాకు తెచ్చి ఇచ్చిందే (మేం ఆ పెళ్లికి పోలేదు కూడా).

అమ్మ చాయ్ కప్పులతో గడపలోనే ఆగిపోయింది. మేనత్త ఉన్నట్టుండి బర్రె గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. బాపుకు ఇంజను ఆపాలన్న సోయి కూడా లేదు. బిడ్డ పెళ్లి పత్రికను కోసి గ్రీజు పూసిన ఇంటికి ఇంకో బిడ్డను ఏ తండ్రి ఇస్తాడు? ఆయన మూత కింద వేలితో తుడిచి, ఆ వేలు వెలుతురులో పెట్టి చూశాడు. పొడిగా ఉంది.

"కారుతలేదు గదా," అన్నాడు.

"లేదు," అన్నాడు బాపు, నేరం ఒప్పుకుంటున్నట్టు.

ఆయన భార్యను కేకేశాడు. "ఇగో, ఇటు రా జర. గింత మందం కార్డు ఎందుకు కొట్టిచ్చినవని పెండ్లంత తిట్టినవ్ గదా. ఇగ చూడు. పేపరసొంటి కార్డయితే ఈ ఆయిల్ ఆగునా?"

అంత దళసరిది మిషన్‌లో పోదని ప్రెస్సువాడు మొత్తుకున్నా, పక్కన కూర్చుని మరీ వేయించాడట. అట్టపెట్టెలు పంచావని చుట్టాలంతా నవ్వారట. అప్పటినుంచీ కడుపులో పెట్టుకున్న ఆ దుఃఖం మా వాకిట్లో తీరింది. బావి చూడలేదు, బర్రెను చూడలేదు. వెళ్తూ వెళ్తూ బాపు భుజం మీద చెయ్యేసి, "చిన్నదాని పెండ్లికి ఇంకింత మందంది కొట్టిస్త. మీకు నాలుగు ఎక్కువనే ఇస్త, ఉంచుకోన్రి," అన్నాడు. పిల్లనిస్తానని ఆయన వేరే చెప్పలేదు.

ఇప్పుడు బాపు లేడు, మామ లేడు. ట్రాక్టరుంది. ఈ మధ్య మళ్లీ కారుతోంది. ఆ మోడల్ ప్యాకింగ్ ఇప్పుడు ఫోన్లో చెబితే ఇంటికే వస్తోంది, తెప్పించాను కూడా. మొన్న పానా పట్టుకుని మూత విప్పబోతే ఆ ముక్క ఇంకా అక్కడే ఉంది. గణపతి నల్లబడ్డాడు, మామ పేరు మాత్రం చదవొస్తోంది. మా ఆవిడ వచ్చి వంగి, వాళ్ల నాన్న పేరు మెల్లగా చదువుకుంది. నా చేతిలోంచి పానా తీసుకుని లోపలికి వెళ్లి, అమ్మ సత్తు బేసిన్ తెచ్చి ట్రాక్టరు కింద పెట్టింది.

"కారనియ్యి," అంది.

ఆ ధార ఆగకపోతే బతుకే లేదనుకున్న ఆ పిల్లగాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది, కొంచెం బెంగ కూడా వేసింది. ఇప్పుడు పొద్దున్నే లేచి ఆయిల్ వడగట్టి పోసేది నేనే. ట్రాలీతో రివర్సు తీయాల్సి వస్తే మాత్రం ఇప్పటికీ ఆమెనే పిలుస్తాను.